ఎగిరే బిళ్ళ కన్నా రాగి రిబ్బను ముక్కే నయం: మా కాలేజీ ల్యాబ్‌కి కొన్న సూపర్‌కండక్టర్ కిట్

ముందే చెప్పేస్తున్నాను. సూపర్‌కండక్టర్ అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకి నిరోధకత సున్నా అయిపోయే పదార్థం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు దాన్ని చూపించే ఈ కిట్ కొనొచ్చు. కానీ దాంతో వచ్చే పుస్తకాన్ని మాత్రం ఉన్నదున్నట్టు పిల్లల చేతికివ్వకండి. థిన్ ఫిల్ముల (పలుచని పొరల) గురించి రాసిన పేజీలకు పిన్ను కొట్టేసి ఇవ్వండి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఫోన్ చేసి అడిగితే తర్వాతి ముద్రణలో సరిచేస్తామన్నారు, మాట నిలబెట్టుకుంటారేమో చూద్దాం. కిట్ బెంగళూరు నుంచి వస్తుంది, పెట్టె మీద గాల్లో తేలుతున్న నల్లబిళ్ళ బొమ్మ ఉంటుంది.

నేను గుంటూరులో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా దగ్గర ల్యాబ్‌కి ఏదైనా కొనాలంటే మూడు కొటేషన్లు, రెండు సంతకాలు, ఆపైన బోలెడంత బతిమాలుడు. తనిఖీ బృందం వస్తోందంటే తప్ప డబ్బు కదలదు. ఈసారి అదృష్టం బాగుండి కదిలింది. జీఎస్టీ, రవాణా అన్నీ కలిపి 38 వేల చిల్లర అయింది. "గాల్లో తేలే బిళ్ళకి ఇంత డబ్బా మేడమ్?" అని మా అకౌంట్స్ ఆయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. బిళ్ళ ఒక్కటే అయితే ఇంత పెట్టక్కర్లేదు.

పెట్టె విప్పితే ముందు కనపడేది ఆ బిళ్ళే. యిట్రియమ్, బేరియమ్, కాపర్, ఆక్సిజన్ కలిసిన పదార్థం, మా పిల్లలు వైబీసీవో అనేస్తారు. పది రూపాయల బిళ్ళ కన్నా కాస్త పెద్దది, వేలికి గరుకుగా తగులుతుంది. దాని కింద నియోడైమియమ్ అయస్కాంతాలు పేర్చిన గుండ్రటి పట్టా, థర్మోకోల్ గిన్నెలు, ప్లాస్టిక్ పటకారు, చేతితొడుగులు ఉంటాయి. తొడుగులు మా పిల్లల చేతులకు వదులు, కానీ ఈ పనికి వదులుగా ఉండటమే మంచిది. లోపలికి చుక్క పడితే వెంటనే విదిలించి పారేయొచ్చు. అడుగున ఒక స్పాంజి అరలో పీటీ-100 టెంపరేచర్ సెన్సారు బిగించిన చిన్న రాగిదిమ్మ, దానికి అంటించిన నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు రిబ్బను ముక్క, దాని మీద టంకం వేసిన నాలుగు సన్నతీగలు. ఆ పక్కన చుక్కల వరసలు అచ్చేసిన రెండు పారదర్శక షీట్లు. పట్టాలో ఒక అయస్కాంతం మూల విరిగి వచ్చింది. ఫొటో పంపితే ఎదురు ప్రశ్నలు లేకుండా వేరేది పంపారు. సర్వీసుకు వంక పెట్టను.

వీటిని చల్లబరచే లిక్విడ్ నైట్రోజన్ మాత్రం మనమే తెచ్చుకోవాలి. కిట్ కొందామనుకునే వాళ్ళలో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ఆగక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో గ్యాస్ సిలిండర్లు అమ్మేవాళ్ళని అడిగితే దొరుకుతుంది, ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి, క్యాన్‌కి డిపాజిట్ కట్టాలి. లీటరు ధర కన్నా గుంటూరు దాకా ట్రాలీ ఆటో కిరాయే ఎక్కువ. షాపాయన "ఎవరికమ్మా, స్కిన్ డాక్టరు గారికా, ఐస్‌క్రీమ్ షాపుకా?" అని అడిగారు. కాలేజీకి అనేసరికి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ జాగ్రత్తలు చెప్పారు. మూత బిగించొద్దు, ఊరికే ఆనించి ఉంచాలి, ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు ఉబ్బుతుంది, దారి లేకపోతే క్యాన్ పేలుతుంది. ఏసీ కారులో అద్దాలేసుకుని తీసుకెళ్ళొద్దు, లిఫ్టులో క్యాన్‌తో పాటు మనిషి ఎక్కొద్దు. ఈ మాటలన్నీ కిట్ పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అవే మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండాలి.

క్యాన్ ల్యాబ్‌లోకి రాగానే ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె "మేడమ్, ఇది మా ఊరి గోపాలమిత్ర బండి మీద ఉండే క్యాన్ కదా!" అంది. అదే మరి. గేదెలకు, ఆవులకు సూది వేయడానికి తెచ్చే వీర్యం స్ట్రాలన్నీ ఈ ద్రవంలోనే ఉంటాయి. ఒంగోలు జాతి మీద పనిచేసే లాం ఫారం పక్కనే పెట్టుకుని, మనం దీన్నేదో అమెరికా వస్తువన్నట్టు చూస్తాం. క్లాసులో ఎవరికీ లేని ధీమా ఆ పిల్లకుంది. పొగ చూసి మిగతావాళ్ళు వెనక్కి జరిగితే ఆమె మాత్రం క్యాన్ మెడ మీద మంచు పట్టిన చోట చెయ్యి పెట్టొద్దని అందరికీ చెప్పింది.

బిళ్ళ సంగతి తొందరగా ముగించేస్తాను. బాగా తేలుతుంది. నైట్రోజన్‌లో చల్లబడ్డాక పట్టా మీద పెడితే గుండ్రంగా తిరుగుతుంది, పట్టాని తలకిందులు చేసినా వేలాడుతూనే ఉంటుంది. పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు తీస్తారు, ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి సంతోషిస్తారు. ఒక జాగ్రత్త ఉంది, వైబీసీవోకి తేమ పడదు. ప్రయోగం అయ్యాక బిళ్ళ మీద మంచు కరిగి నీళ్ళవుతాయి, వాటిని తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో వేసి పెట్టాలి. లేకపోతే మన వర్షాకాలం రెండు దాటేసరికి బిళ్ళ పిండి రాలుతుంది.

అసలు సరుకు ఆ రిబ్బను ముక్క. చూడటానికి రాగిరేకులా ఉంటుంది. ప్రకటనలో దాని ఊసే లేదు, పుస్తకంలో కూడా 'అదనపు నమూనా' అని రాశారు. నిజానికి దేశదేశాల్లో పెద్దపెద్ద అయస్కాంతాలు చుడుతున్నది ఈ టేపుతోనే. 2021 సెప్టెంబరులో అమెరికాలో ఎమ్ఐటీ వాళ్ళు, కామన్వెల్త్ ఫ్యూజన్ కంపెనీ వాళ్ళు కలిసి 20 టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టించిన అయస్కాంతం ఈ జాతి టేపుతో చేసిందే. అడుగున సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన హాస్టెలాయ్ అనే నికెల్ మిశ్రమలోహపు రేకు, దాని మీద మెగ్నీషియమ్ ఆక్సైడ్ వగైరా పలుచని బఫర్ పొరలు, వాటి మీద ఒకటి రెండు మైక్రాన్ల సూపర్‌కండక్టర్ పొర, పైన వెండి, చుట్టూ రాగి. మనకు బయటికి కనపడేదంతా రాగే. పనిచేసేది మాత్రం లోపల దాక్కున్న ఆ ఒక్క పొర.

ప్రయోగం ఇలా చేస్తాం. చివర్లో ఉన్న రెండు తీగల గుండా ఒక ఆంపియర్ కరెంటు పంపి, మధ్యలో ఉన్న రెండు తీగల మధ్య వోల్టేజీ చూస్తాం. గదిలో వేడికి మా మల్టీమీటరు 5 మిల్లీవోల్టుల చిల్లర చూపించింది. దిమ్మని థర్మోకోల్ పెట్టెలో నైట్రోజన్ మట్టానికి పైన, ఆవిరిలో వేలాడదీసి కొద్దికొద్దిగా దించాలి. తొందరపడి ముంచేస్తే ఏమీ కనపడదు, అంకె ఒక్కసారిగా పడిపోతుంది. నిదానంగా దించితే రాగి తన నిరోధకతని తను తగ్గించుకుంటూ వస్తుంది: నాలుగు, మూడు, రెండు. 100 కెల్విన్ (మైనస్ 173 డిగ్రీల సెల్సియస్) దగ్గర 1 మిల్లీవోల్టు అటూ ఇటూగా వచ్చి ఆగింది. 91 దాకా వచ్చేసరికి మీటరు 0.0 అంది. మా ల్యాబ్ బాబాయ్ తీగ ఊడిందనుకుని చెయ్యి పెట్టబోయాడు. ఊడలేదు. దిమ్మని రెండంగుళాలు పైకి లేపితే అంకె మళ్ళీ వచ్చింది, దించితే పోయింది. పిల్లలు దాన్నే పదేపదే చేశారు. తేలే బిళ్ళ వీడియోలు తీసుకున్నవాళ్ళు ఇక్కడ ఫోన్లు పక్కన పెట్టి నోటుబుక్కులు తీశారు. "సున్నా అంటే నిజంగా సున్నానా మేడమ్, మన మీటరుకి అందనంత తక్కువా?" అని ఒకతె అడిగింది. ఆ ప్రశ్న కోసమే కిట్ కొన్నాననుకోండి.

ఇక పుస్తకం. అందులో ఒక పేజీలో ఇలాంటి మాట ఉంది: టేపులో పలుచని పొరని సబ్‌స్ట్రేట్ (పొరని పెంచే కింది పదార్థం) నొక్కి ఉంచుతుంది కాబట్టి, ఆ స్ట్రెయిన్ (నొక్కుడు, సాగుడు) వల్ల దీని క్రిటికల్ టెంపరేచర్, అంటే సూపర్‌కండక్టర్‌గా మారే టెంపరేచర్, రెట్టింపవుతుంది. చదివి నవ్వొచ్చింది. ఎందుకంటే అదే పెట్టెలో ఉన్న బిళ్ళ కూడా 90 పైచిలుకు కెల్విన్లకే సూపర్‌కండక్టర్ అవుతుంది. వైబీసీవో 93 కెల్విన్లని 1987లోనే పాల్ చూ, మావ్-క్వెన్ వూ బృందాలు చెప్పాయి. నొక్కని బిళ్ళా అంతే, నొక్కిందంటున్న టేపూ అంతే. కంపెనీకి ఫోన్ చేశాను. అటు మాట్లాడింది అనంతపురం కుర్రాడు.

"బాబూ, మీ టేపు ఎంత దగ్గర సున్నా అవుతుంది?"

"తొంభై పైన మేడమ్."

"బిళ్ళ?"

"అదీ అంతే మేడమ్."

"మరి రెట్టింపు అని రాశారు, దేనికి రెట్టింపు?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మార్కెటింగ్ వాళ్ళు రాశారు మేడమ్, మాకు చూపించకుండానే అచ్చుకెళ్ళిపోయింది" అన్నాడు. పాపం, వాణ్ణి ఇంకేమంటాం.

రెట్టింపు అనే మాట ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారో నాకు తెలుసు. అది అబద్ధం కాదు, అద్భుతమైన నిజం. కాకపోతే ఈ టేపుది కాదు, ఈ పదార్థానిది కూడా కాదు. 1998లో ఐబీఎం జ్యూరిక్ ప్రయోగశాలలో జాన్ పియేర్ లోకే బృందం లాంథనమ్ స్ట్రోన్షియమ్ కాపర్ ఆక్సైడ్ మీద చేసిన పని. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ ఈ కాపర్ ఆక్సైడ్ కుటుంబం సూపర్‌కండక్టర్లని మొదట కనిపెట్టిందీ ఆ ప్రయోగశాలలోనే. మామూలు ముద్దగా ఉన్నప్పుడు, లోకే వాళ్ళు వాడిన పాళ్ళలో, ఇది 25 కెల్విన్ల దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. దాన్నే స్ట్రోన్షియమ్ లాంథనమ్ అల్యూమినేట్ స్ఫటికం మీద పలుచని పొరగా పెంచితే 49 కెల్విన్లకి చేరింది. స్ట్రోన్షియమ్ టైటనేట్ మీద పెంచితే 10కి పడిపోయింది. పదార్థం ఒకటే, పాళ్ళూ అవే. కింద ఏముందన్నదే తేడా.

దీన్ని మా పిల్లలకి ఎలా చెప్పానంటే, బ్లౌజు కుట్టించుకునే వాళ్ళందరికీ తెలిసిన సంగతే. లైనింగ్ గుడ్డని నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి. తడపకుండా కుట్టేస్తే మొదటి ఉతుకులోనే లైనింగ్ ముడుచుకుని పైగుడ్డని కూడా తనతో లోపలికి లాగుతుంది. పైగుడ్డ పలుచటి షిఫానయితే చచ్చినట్టు ఒదుగుతుంది. దళసరి పట్టయితే ఒదగదు, ఎక్కడికక్కడ ముడతలు పడి తన కొలత తను నిలబెట్టుకుంటుంది. పొరలోని పరమాణువులు కింది స్ఫటికంలోని పరమాణువుల మీద వరస తప్పకుండా కూర్చుంటాయి. కింద వరసలు కాస్త ఇరుకుగా ఉంటే పై పొర ఇరుక్కుంటుంది, వెడల్పుగా ఉంటే సాగుతుంది. ఇదంతా పొర కొన్ని నానోమీటర్లున్నప్పుడే. మందం పెరిగేకొద్దీ డిస్‌లొకేషన్లు, అంటే వరస తప్పే చోట్లు పుట్టి, పొర తన సొంత కొలతకి తిరిగొచ్చేస్తుంది. టేపులోని పొర ఒక మైక్రాన్ పైన, అంటే వెయ్యి నానోమీటర్ల పైన. అంత మందాన కింది స్ఫటికం మాట వినదు. అందుకే టేపు కూడా బిళ్ళ టెంపరేచర్ దగ్గరే సున్నా అయింది. అంటే కిట్టే తన పుస్తకాన్ని తప్పని నిరూపించింది. ఆ రెండు కొలతలూ పక్కపక్కన రాయించాను, ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ దొరకదు.

కిట్‌లో ఇచ్చిన చుక్కల షీట్లు ఇందుకోసమే. ఒకదాని మీద ఒకటి పెట్టి వరసలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తప్పుతాయో చూపించాలి. ఆలోచన మంచిదే, కానీ తేడా కంటికి ఆనాలని పది శాతం పెట్టారు. అంత తేడా ఉంటే ఏ పొరా ఒదగదు. నేను కంప్యూటర్లో గీసుకుని అరండల్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో అసలు కొలతలతో మళ్ళీ తీయించాను. ఈ లాంథనమ్ పదార్థం వరసల మధ్య దూరం 3.78 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) దగ్గర. అల్యూమినేట్‌ది 3.756. టైటనేట్‌ది 3.905. మొదటి జత మధ్య తేడా ముప్పాతిక శాతం కూడా లేదు, షీట్లు ఒకదాని మీద ఒకటి పెడితే నూటయాభై వరసలు దాటితే తప్ప తేడా తెలీదు. ఏ4 కాగితం సరిపోలేదు, ఏ3 మీద తీయాల్సొచ్చింది. "అక్కా, రెండూ ఒకటే గదా, రెండెందుకు?" అని జిరాక్స్ కుర్రాడు తెగ అడిగాడు. కంటికి ఒకటే అనిపించే ఆ కాస్త తేడా, 25ని 49 చేయడంలో ముఖ్యమైన భాగం. టైటనేట్‌తో జత అయితే ముప్పై వరసలకే తప్పిపోతుంది, అది సాగదీస్తుంది, టెంపరేచర్ దిగజారుతుంది.

పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేని విషయం ఇంకోటి. పక్కల నుంచి నొక్కితే పొర నిలువునా సాగుతుంది. ఈ పదార్థాల్లో కరెంటు నడిచేది కాపర్-ఆక్సిజన్ పలకల్లో. పక్కల నుంచి నొక్కితే పలకలోని పరమాణువులు దగ్గరవుతాయి, పలకకి పైనా కిందా ఉన్న ఆక్సిజన్ దూరం జరుగుతుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తితే ఇలా జరగదు. ఒత్తిడితో పాల్ చూ చేసిన పని కూడా పిల్లలకి ఇక్కడే చెప్పాలి. 1986 చివర్లో ఆయన లాంథనమ్ బేరియమ్ పదార్థాన్ని ఒత్తిడిలో పెడితే 50 కెల్విన్లు దాటింది. బయటి నుంచి ఒత్తే బదులు లోపల చిన్న పరమాణువు పెడితే అదే పని జరుగుతుందేమోనని లాంథనమ్ తీసి యిట్రియమ్ పెట్టారు. అలా వచ్చిందే మన పెట్టెలోని నల్లబిళ్ళ. మా పిల్లలకి అన్నిటికన్నా నచ్చిన కథ ఇది.

మరి వైబీసీవోని పలుచగా పెంచి నొక్కితే ఇంకా పెరగదా? ఒకతె అడిగింది, సబబైన ప్రశ్న. పెద్దగా పెరగదు. దాని పలకలో రెండు దిక్కులు ఒకలాంటివి కావు. ఒక దిక్కున నొక్కితే టెంపరేచర్ తగ్గుతుంది, రెండో దిక్కున నొక్కితే దాదాపు అంతే పెరుగుతుంది. రెండువైపులా నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అన్ని పదార్థాలకీ ఒకే మందు పనిచేయదు.

అలాగని స్ట్రెయిన్‌ని ఆకాశానికి ఎత్తేయడమూ నాకు ఇష్టం లేదు. ఆ 49 కెల్విన్ల ఫలితంలో ఆక్సిజన్ వాటా కూడా ఉందని, ఓజోన్‌లో పెంచిన పొరల మీద 2002లో బొజోవిచ్ బృందం చూపించింది. పొరలో ఆక్సిజన్ ఎంత పట్టిందన్నది సరిచూడకుండా ఘనతంతా నొక్కుడుకే కట్టబెట్టకూడదు. ఐరన్ సెలినైడ్ కూడా అంతే. ముద్దగా ఉంటే 8 కెల్విన్లు. టైటనేట్ మీద ఒకే ఒక్క పొరగా వేస్తే 60 పైకి పోయే సూచనలు కనిపించాయని 2012లో చైనాలో చికున్ షుయె బృందం ప్రకటించింది. అక్కడ కింది స్ఫటికం నుంచి పైకి ఎక్కిన ఎలక్ట్రాన్ల పాత్ర పెద్దది, ఒట్టి సాగదీతతో వచ్చింది కాదు. మా పుస్తకం దాన్ని కూడా స్ట్రెయిన్ ఖాతాలోనే వేసేసింది.

నిఖార్సుగా స్ట్రెయిన్ గొప్పతనం చెప్పాలంటే ఇప్పుడు నికెలేట్ల కథ చెప్పాలి. లాంథనమ్, నికెల్, ఆక్సిజన్ కలిసిన ఒక స్ఫటికాన్ని 14 గిగాపాస్కల్స్ పైన, అంటే సుమారు లక్షా నలభై వేల వాతావరణాల ఒత్తిడిలో పెడితే 80 కెల్విన్ల దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని 2023లో తేలింది. రెండు వజ్రాల మధ్య నలిపితే తప్ప రాని గుణం, దాంతో ఏం వస్తువు చేసుకుంటాం? మరుసటి ఏడాదే స్టాన్‌ఫర్డ్‌లో హెరాల్డ్ హ్వాంగ్ బృందం అదే పదార్థాన్ని ఆ స్ట్రోన్షియమ్ లాంథనమ్ అల్యూమినేట్ స్ఫటికం మీదే కొన్ని నానోమీటర్ల పొరగా పెంచింది. పక్కల నుంచి సుమారు 2 శాతం నొక్కుడు పడింది. వజ్రాలు లేవు, ఒత్తిడి లేదు, మామూలు గాలి ఒత్తిడిలోనే 26 నుంచి 42 కెల్విన్ల మధ్య నిరోధకత పడిపోవడం మొదలైంది. పూర్తిగా సున్నా అయ్యేది ఇంకా బాగా కిందే, ఆ తేడా పిల్లలకి చెప్పి తీరాలి. అయినా సరే, నలిపే యంత్రం చేసే పనిలో కొంత ఒక స్ఫటికం ఉలుకూ పలుకూ లేకుండా చేసి పెట్టింది. పుస్తకంలో ఆ నాలుగు పేజీలూ దీనికి కేటాయించి ఉంటే దండం పెట్టేదాన్ని.

టేపు విషయానికొస్తే, అందులో కింది పొరల అసలు పని వేరు. టెంపరేచర్ పెంచడం కాదు, స్ఫటికపు రేణువులన్నిటినీ ఒకే దిక్కుకి తిప్పి నిలబెట్టడం. పక్కపక్క రేణువుల మధ్య కోణం నాలుగైదు డిగ్రీలు మించితే కరెంటు దారుణంగా తగ్గిపోతుందని 1988 నుంచి తెలిసిందే. ఇక స్ట్రెయిన్ మేలు చేసే చోటు కూడా ఒకటుంది. బేరియమ్ జిర్కోనేట్ కలిపితే, అది వైబీసీవోతో వరస కలవక, ఆ బిగువు వల్లే పొర అడుగు నుంచి పై దాకా సన్నటి స్తంభాలుగా పేరుకుంటుంది. అయస్కాంత రేఖలు ఆ స్తంభాల దగ్గర ఇరుక్కుపోతాయి, కదలవు, పెద్ద అయస్కాంత క్షేత్రంలో కూడా టేపు కరెంటు మోస్తుంది. మా నమూనాలో ఆ స్తంభాలున్నాయా అని అడిగితే అనంతపురం అబ్బాయి కనుక్కుని చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.

పుస్తకంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఒకటుంది: టేపు ఎంత మెత్తగా వంగుతుందో చూపడానికి పెన్సిల్‌కి చుట్టండి అని. దయచేసి చుట్టకండి. పెన్సిల్ అడ్డకొలత 7 మిల్లీమీటర్లు. టేపు మధ్య గీత నుంచి సూపర్‌కండక్టర్ పొర 25 మైక్రాన్ల దూరంలో ఉందనుకుని లెక్కేస్తే, పొర మీద 0.7 శాతం సాగుడు పడుతుంది. ఈ టేపులు సుమారు 0.4 నుంచి 0.7 శాతం సాగుడు దాకానే తట్టుకుంటాయి. ఆపైన పొర బీటలు వారుతుంది, మళ్ళీ అతుక్కోదు. చూపించాలంటే నీళ్ళు తాగే స్టీలు గ్లాసుకి చుట్టండి, సాగుడు 0.1 శాతం కూడా రాదు. అది కూడా పొర ఉన్న వైపు గ్లాసుకేసి ఉండేలా చుట్టండి, పొరకి సాగడం కన్నా నొక్కుడు నయం. ఏ వైపు పొర ఉందో నమూనా మీద గుర్తు లేదు. కంపెనీ వాళ్ళని అడిగి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకున్నాం.

లోపాలు ఇంకా ఉన్నాయి. తెలుగు పుస్తకం లేదు, మా పిల్లల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. టేపు అసలు సామర్థ్యం చూడాలంటే నైట్రోజన్‌లో వంద ఆంపియర్లు పంపాలి, కాలేజీ పవర్ సప్లై మూడు ఆంపియర్లకే మూలుగుతుంది, కాబట్టి క్రిటికల్ కరెంట్, అంటే సున్నా నిరోధకత పోకుండా టేపు మోయగల గరిష్ఠ కరెంటు, చూపించలేం. థర్మోకోల్ పెట్టెకి ఊరికే ఆనించే మూత ఉండుంటే ఆవిరి వృథా కాదు. సెన్సారు పట్టిక కెల్విన్లలో లేదు, ఓములు చూసి మనమే మార్చుకోవాలి, ఆ పని పిల్లలకి అప్పగిస్తే వాళ్ళకీ లెక్క వస్తుంది అనుకోండి.

ఇంటర్ కాలేజీలు, స్కూళ్ళు అయితే ఇది కొనక్కర్లేదు, బిళ్ళ, అయస్కాంతం ఉన్న చిన్న కిట్ చాలు. ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు టేపు ముక్కలు విడిగా అడగండి, ఇస్తున్నారు. తీగలు మనమే వేసుకోవాలి, తక్కువ వేడికి కరిగే ఇండియమ్ టంకం వాడి, సోల్డరింగ్ ఐరన్ వేడి 200 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

నైట్రోజన్ శనివారం తెచ్చి సోమవారం ప్రాక్టికల్ పెట్టుకోకండి, అద్దెకిచ్చే పాత క్యాన్లలో ఆదివారం గడిచేసరికి ఎంత మిగులుతుందో చెప్పలేం. గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు కాలేజీల వాళ్ళెవరికైనా ఒక రోజుకి ఈ కిట్ కావాలంటే మా విభాగానికి ఒక ఉత్తరం రాయండి, పిల్లలతో సహా వచ్చి మా ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు. నైట్రోజన్ ఖర్చు మీది. పుస్తకం ఇవ్వను, నేను రాసుకున్న నోట్సు జిరాక్స్ ఇస్తాను. పెన్సిళ్ళు మాత్రం టేపు దగ్గరికి తీసుకురావద్దు.